గాలి టాక్సీకి ఆడిట్ ఎవరు చేస్తారు?

పుష్పక విమానం మాట ఎత్తితే మన హేతువాదులందరూ నవ్వుతారు. కరెంటుతో నడుస్తూ నిలువుగా లేచి నిలువుగా దిగే టాక్సీ మాట ఎత్తితే మాత్రం అదే మిత్రులు ఆసక్తిగా వింటారు. మొదటిది పురాణం, రెండోది సైన్సు అంటారు. నా ప్రశ్న ఒక్కటే. రెండోదాన్ని లెక్క వేసి నమ్ముతున్నామా, బొమ్మ చూసి నమ్ముతున్నామా?

'వైమానిక శాస్త్రం' సంగతి మన పాఠకులకు కొత్త కాదు. భరద్వాజ మహర్షి చెప్పాడని ప్రచారంలో ఉన్న ఆ పుస్తకాన్ని 1974లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన ముకుంద, దేశ్‌పాండే, నాగేంద్ర, ప్రభు, గోవిందరాజు అనే అయిదుగురు పరీక్షించారు. మూఢనమ్మకం అని ఒక్క మాటతో కొట్టిపారెయ్యలేదు. భాషనూ, రాతప్రతి చరిత్రనూ పరిశీలించి అది 1904కు ముందుది కాదని తేల్చారు. తరవాత అందులోని విమానాలను ఒక్కొక్కటిగా ఇంజనీర్ల దృష్టితో చూశారు. రుక్మ విమానంలో ఫ్యాన్లతో పైనుంచి గాలి లాగి గొట్టాల గుండా కిందికి తోసే ఏర్పాటు ఉంది. ఆ ఆలోచనలో అర్థం ఉందని ఒప్పుకున్నారు. కాని పుస్తకంలో చెప్పినట్టు, బొమ్మలో గీసినట్టు తయారు చేస్తే అది ఎగరడం అసాధ్యమన్నారు. అయినా 2015 జనవరిలో ముంబై సైన్సు కాంగ్రెసులో ప్రాచీన విమానాల మీద ప్రసంగం జరగనే జరిగింది. అది వేరే కథ.

ఇక్కడ మనం నేర్చుకోవలసింది ఆ అయిదుగురి పద్ధతి. ఆలోచన బాగుండటం వేరు, అంకెలు కుదరడం వేరు. ఫ్యాన్లతో గాలిని కిందికి తోసి పైకి లేచే యంత్రాలు ఇప్పుడు నిజంగానే తయారవుతున్నాయి కనక అదే పద్ధతిని వాటికీ వర్తింపజెయ్యాలి.

నేను బీకాం చదివి డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేసినవాణ్ణి. ఇంజనీరును కాను. కాని జమాఖర్చులు చూడటానికి ఇంజనీరే కానక్కర్లేదు. కింది లెక్కలో నేను ఊహించిన యంత్రం బరువు 1,000 కిలోలు. బ్యాటరీ 300 కిలోలు, ముగ్గురు మనుషులు 240 కిలోలు. మిగిలిన 460 కిలోల్లోనే రెక్కలు, మోటార్లు, సీట్లు అన్నీ సరిపెట్టుకోవాలి.

గాలిలో నిలబడాలంటే గాలిని కిందికి తోస్తూనే ఉండాలి. ఎక్కువ గాలిని నెమ్మదిగా తొయ్యడం చవక. కొద్దిపాటి గాలిని వేగంగా తొయ్యడం ఖరీదు. అందుకే హెలికాప్టర్‌కు అంత పెద్ద రెక్కలు. మన యంత్రం ఫ్యాన్లన్నీ కలిసి 10 చదరపు మీటర్లు ఊడుస్తాయనుకుంటే, ఊరికే నిలబడటానికే కనీసం 196 కిలోవాట్లు కావాలి. నష్టాలు కలుపుకుంటే సుమారు 280. వైశాల్యం నాలుగింతలు చేస్తే ఇది సగానికి తగ్గుతుంది, కాని అప్పుడది హెలికాప్టర్ సైజుకు పోతుంది. ఒకసారి పైకి లేచి, రెక్కల మీద గంటకు 180 కి.మీ. వేగంతో ముందుకు పోయేటప్పుడు మాత్రం 61 కిలోవాట్లు చాలు. అంటే నిలబడటం ప్రయాణించడం కంటే నాలుగున్నర రెట్లు ఖర్చు.

ఇప్పుడు ఖాతా రాద్దాం. ఒక కిలోవాట్-అవర్ అంటే మన కరెంటు బిల్లులో ఒక యూనిట్.

జమ: బ్యాటరీ కిలోకు 200 వాట్-అవర్ల చొప్పున 300 కిలోలకు 60 యూనిట్లు.

ఖర్చు 1: బ్యాటరీ పాడవకుండా అడుగున ఉంచవలసిన అయిదో వంతు, 12 యూనిట్లు.

ఖర్చు 2: లేవడానికి ఒక నిమిషం, దిగడానికి ఒక నిమిషం, 9 యూనిట్లు.

ఖర్చు 3: దిగేచోట ఆటంకం వస్తే మరోచోటికి పోవడానికి 20 నిమిషాల నిల్వ, 20 యూనిట్లు.

మిగులు: 19 యూనిట్లు. అంటే 19 నిమిషాల ప్రయాణం. దూరం 56 కి.మీ.

మా ఖరగ్‌పూర్ నుంచి హౌరాకు గాలిలో నేరుగా పోయినా దాదాపు 110 కి.మీ. ఈ యంత్రం ఎక్కినవాడు రూపనారాయణ్ నది దాటకముందే, మెచేదా దగ్గరే ఎక్కడో దిగిపోవాలి. అక్కడినుంచి హౌరాకు లోకల్ ట్రెయిన్ ఎలాగూ ఉంది.

ఇంతటితో "చూశారా, అంతా బూటకం" అనేస్తే అది కూడా హేతువాదం కాదు. ఇదే ఖాతాలో ఒక్క అంకె మార్చండి. బ్యాటరీ మొత్తంగా కిలోకు 200 బదులు 300 వాట్-అవర్లు ఇచ్చిందనుకోండి. జమ 90 యూనిట్లు, అడుగు నిల్వ 18. మిగిలేది 43 యూనిట్లు, దూరం 127 కి.మీ. యంత్రం హౌరా చేరుతుంది! అంటే ఇది అసాధ్యమైన పని కాదు. కథంతా బ్యాటరీ బరువు దగ్గర ఉంది. విమాన ఇంధనం కిలోకు 12 యూనిట్ల శక్తి ఉంటుంది. ఇంజను అందులో పావు వంతే వాడుకున్నా 3 యూనిట్లు. బ్యాటరీ కిలోకు ఇచ్చేది యూనిట్‌లో అయిదో వంతు. పైగా ఇంధనం ఖర్చయ్యేకొద్దీ విమానం తేలికపడుతుంది. బ్యాటరీ ఖాళీ అయినా అదే బరువు. దిగేటప్పుడు మళ్లీ అత్యధిక శక్తి కావాలి, సరిగ్గా అప్పుడే బ్యాటరీ నీరసించి ఉంటుంది.

నిలువుగా లేవడం ఖరీదైన వ్యవహారమని రక్షణ శాఖవాళ్లకు ఎప్పుడో తెలుసు. మన నౌకాదళం 1983 నుంచి 2016 దాకా వాడిన సీ హారియర్ యుద్ధవిమానం నిలువుగా లేవగలదు. కాని బరువు మోసుకుని పోవాలంటే విరాట్ ఓడ డెక్ మీద పరిగెత్తి, ముందు భాగంలోని ఎత్తు మీదుగానే లేచేది. దిగేటప్పుడు మాత్రం నిలువుగా దిగేది.

ప్రపంచంలో జరిగినదీ చూద్దాం. అమెరికాలో జోబీ సంస్థ విమానం 2021 జులైలో నిలువుగా లేచి, ఒక్క చార్జింగ్‌తో సుమారు 248 కి.మీ. ఎగిరింది. గొప్ప విషయమే, కాని అందులో మనిషి లేడు. చైనాలో ఈహాంగ్ వారి రెండు సీట్ల యంత్రానికి 2023 అక్టోబరులో ప్రభుత్వ సర్టిఫికెట్ వచ్చింది. దాని దూరం 30 కి.మీ. సంస్థ చెప్పుకున్న అంకే అది. జర్మనీలో చిన్నచిన్న ఫ్యాన్లు బోలెడు పెట్టిన లిలియం 2024 అక్టోబరులో దివాలా ప్రకటించింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ప్రయాణికుల్ని తిప్పుతామన్న వోలోకాప్టర్ తిప్పలేకపోయింది, అదే ఏడాది డిసెంబరులో దివాలా దరఖాస్తు పెట్టింది.

మన దేశం సంగతికొస్తే, బెంగళూరు సరళా ఏవియేషన్ 2025 జనవరిలో 'శూన్య' అనే నమూనాను ఢిల్లీలో ప్రదర్శించి 160 కి.మీ. దూరం ప్రకటించింది. అదే ఏడాది నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో అనంతపురం జిల్లాలో కర్మాగారానికి ఒప్పందం చేసుకుంది. ఐఐటీ మద్రాసులో పుట్టిన ఈప్లేన్ సంస్థ 2025 ఫిబ్రవరిలో 788 ఎయిర్ అంబులెన్సులు సరఫరా చేసే ఒప్పందం ప్రకటించింది. అప్పటికి ఆ విమానానికి సర్టిఫికెట్ రాలేదు. ఈ సంస్థలు అబద్ధం చెబుతున్నాయని నేననడం లేదు. చిన్న మోటార్లు ఎక్కువ పెడితే ఒకటి ఆగినా మిగతావి మోస్తాయి. హెలికాప్టర్‌లో ఉండే గేర్లూ, షాఫ్టుల గొడవా తగ్గుతుంది. 30 కి.మీ. దూరంలో రోగిని ఆసుపత్రికి చేర్చగలిగితే అది ప్రాణం నిలిపే పనే. నేననేది, లెక్క చూపించమని. ఎంత బరువుతో 160 కి.మీ.? బ్యాటరీ కొత్తగా ఉన్నప్పుడా, వెయ్యి సార్లు చార్జి చేసిన తరవాతా? నిల్వ పోనా, నిల్వతో కలిపా? బ్రోషర్లలో దూరం ఉంటుంది, ఈ వివరాలు ఉండవు.

"రైట్ సోదరుల్ని కూడా ఇలాగే వెటకారం చేశారు" అని ఒక జవాబు వస్తుంది. రైట్ సోదరులు చేసిన పని ఏమిటో తెలుసుకుంటే ఆ జవాబు నిలబడదు. 1901లో తాము చేసిన గ్లైడర్ అనుకున్నట్టు లేవకపోతే, పుస్తకాల్లోని అంకెల్నే అనుమానించారు. సొంతంగా గాలి సొరంగం కట్టి, సుమారు 200 రెక్క ఆకారాల్ని కొలిచారు. 1903లో ఎగిరింది ఆ కొలతల బలంతోనే. వాళ్లు నమ్మమని అడగలేదు.

మన రాజ్యాంగంలోని 51ఎ(హెచ్) శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించడం పౌరుల విధి అంటుంది. అది బాబాల విషయంలోనే కాదు, పెట్టుబడిదారుల విషయంలోనూ విధే. ప్రభుత్వ భూమి, ప్రభుత్వ రాయితీ ఇచ్చే ముందు ప్రతి సంస్థా ఒక్క పేజీ ప్రజల ముందు పెట్టాలి: మొత్తం బరువు, బ్యాటరీ బరువు, కిలోకు వచ్చే శక్తి, గాలిలో నిలబడటానికి పట్టే శక్తి, ముందుకు పోవడానికి పట్టే శక్తి, వేగం, నిల్వ. ఆ ఏడు అంకెలుంటే డిగ్రీ విద్యార్థి కూడా కాలిక్యులేటర్‌తో దూరం తేల్చేస్తాడు. ఆఫీసులో వోచర్ లేని బిల్లు ఎంత పెద్దమనిషిదైనా వెనక్కి పంపేవాళ్లం. అంకెలు లేని విమానానికి అంతకంటే ఎక్కువ మర్యాద ఎందుకు?