పక్కవాద్యం – ప్రధానస్థానం

ఖటోదరా పారిశ్రామికవాడ పరిసరాలలో నివసించే తెలుగు కుటుంబాలకు చెందిన ఒక సోదరి ఇటీవల మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు. “మా అబ్బాయి వయొలిన్ నేర్చుకుంటానని పట్టుబడుతున్నాడండీ. ఎంత నేర్చినా పాడేవారి పక్కన కూర్చోవలసిందే కదా! గాత్రమైతే మేలు కాదా?” అన్నారు. యంత్రాల రొద నడుమ కూడా సంగీతాన్ని గూర్చి ఆలోచించే తల్లులున్నందుకు మాకు సంతోషం కలిగింది. అయితే ఆమె సందేహం సంగీతానికి మాత్రమే పరిమితమైనది కాదు. పక్కన ఉండి పని నడిపించేవారి విలువ ఎంత అన్నది ప్రతి కార్యాలయంలోనూ, ప్రతి ఇంటిలోనూ ఎదురయ్యే ప్రశ్నయే. దీనికి తమ జీవితంతో సమాధానం చెప్పిన మహావిద్వాంసులు ద్వారం వేంకటస్వామి నాయుడుగారు.

నాయుడుగారు 1893 నవంబరు 8న బెంగుళూరులో జన్మించారు. పెరిగినది విశాఖపట్టణంలో. అన్నగారైన వేంకటకృష్ణయ్యగారే తొలి గురువు. బాల్యం నుండి కంటిచూపు మందంగా ఉండుటచే చదువు సక్రమంగా సాగలేదు. చూపు సహకరించని లోటును చెవి తీర్చినది. విన్నదానిని విన్నట్లుగా వాద్యంపై పలికించగల శక్తిని ఆయన పిన్నవయసులోనే సాధించారు.

1919లో విజయనగర సంస్థానాధీశులు విజయరామ గజపతిరాజుగారు సంగీత కళాశాలను స్థాపించి, హరికథా పితామహులైన ఆదిభట్ల నారాయణదాసుగారిని అధ్యక్షులుగా నియమించారు. కళాశాలలో విద్యార్థిగా చేరుదామని నాయుడుగారు అక్కడకు వెళ్లారు. ఆయన వాద్యం విన్న పిమ్మట విద్యార్థిగా కాక, వయొలిన్ ఆచార్యునిగానే తీసుకున్నారు. అప్పటికి ఆయనకు ముప్పయి యేళ్లయినా నిండలేదు. 1936లో దాసుగారి అనంతరం కళాశాల అధ్యక్షపదవిని స్వీకరించారు. గాయక శిఖామణి ఘంటసాల వేంకటేశ్వరరావుగారు, గానకోకిల పి. సుశీలగారు ఆ విద్యాలయంలో శిక్షణ పొందినవారే.

ఇక వాద్యాన్ని గురించి వృత్తిరీత్యా ఇంజనీర్లమైన మేము రెండు మాటలు చెప్పక తప్పదు. వయొలిన్ మనకు పాశ్చాత్యుల నుండి వచ్చినది. దానిని కర్ణాటక సంగీతానికి అలవరచిన తొలితరంవారిలో ముత్తుస్వామి దీక్షితులవారి సోదరులు బాలుస్వామి దీక్షితులు ముఖ్యులు. వీణకున్నట్లు దీనికి మెట్లు లేవు. కనుక వేలు తీగపై ఎక్కడికైనా జారగలదు. మన గమకాలకు కావలసినది సరిగా అదే. వీణతీగను మీటగానే పుట్టిన నాదం క్రమంగా క్షీణిస్తుంది. వయొలిన్‌పై కమాను కదులుతున్నంతసేపూ నాదం నిలుస్తుంది. కమానులోని గుఱ్ఱపు వెంట్రుకలకు రాళ పూస్తారు. ఆ వెంట్రుకలు తీగను పట్టి లాగుతాయి, వెంటనే వదలుతాయి, మరల పట్టుకుంటాయి. సెకనుకు కొన్ని వందలసార్లు జరిగే ఈ పట్టువిడుపులే మన చెవికి అఖండమైన నాదంగా వినిపిస్తాయి. యంత్రభాగాల నడుమ ఘర్షణను తగ్గించడం మా వృత్తి. ఘర్షణనుండే మాధుర్యాన్ని రాబట్టడం వయొలిన్ విద్వాంసుని వృత్తి. దీర్ఘమైన కమానుతో, మెత్తని నాదంతో పలికించుటలో నాయుడుగారిది అందెవేసిన చేయి.

పక్కవాద్యం వాయించడమనగా ఏమిటో కొంచెం ఆలోచించాలి. పాశ్చాత్య దేశాలలో నలుగురైదుగురు కలసి వాయించే సంగీతానికి ప్రత్యేక సంప్రదాయమున్నది. వారి ఎదుట స్వరలిపి ఉంటుంది. ముందుగా అభ్యాసమూ ఉంటుంది. హంగేరీ దేశపు పియానో విద్వాంసులు యెనో యాండో (1952–2023) బీథోవెన్ రచించిన 32 సొనాటాలను ఒంటరిగా వాయించి రికార్డు చేశారు. ఇతర వాద్యకారులతో కలసి కూడా ఎన్నో రికార్డులిచ్చారు. ఆ దేశంలో ఈ రెండు పనులలో ఒకటి ఎక్కువ, మరొకటి తక్కువ అనే భావన కానరాదు.

మన కచేరీలో పరిస్థితి మరింత కఠినం. ఎదుట కాగితముండదు. గాయకుడు తరువాత ఏ కృతి అందుకుంటాడో పక్కన ఉన్నవారికి ముందుగా తెలియకపోవచ్చు. రాగాలాపనలో గాయకుని వెన్నంటి నడవాలి; ఆయన ఆగినచోట నాదం తెగిపోకుండా నిలపాలి; తన వంతు రాగానే అదే రాగాన్ని తన మనోధర్మంతో వినిపించాలి; స్వరకల్పనలో తక్షణం బదులివ్వాలి. ఇన్నిటిలోనూ గాయకుని మించిపోవాలనే తహతహ కనబడరాదు. ఇంతటి విద్యను “పక్కన కూర్చోవడం” అనే మాటతో కొలవడం న్యాయం కాదని మా అభిప్రాయం.

నాయుడుగారు ఈ విద్యలో ఆరితేరినవారు. అరియకుడి రామానుజ అయ్యంగారు వంటి మహాగాయకులకు సహకారమందించారు. ఆ అనుభవమే ఆయనను మరొక మెట్టు ఎక్కించినది. గాయకుడు లేకుండా వయొలిన్ ఒక్కటే కచేరీని నడుపగలదా అని శంకించే కాలంలో, 1938లో వేలూరులో ఆయన సోలో కచేరీ చేశారు. గాత్రానికి తోడుగా ఏండ్ల తరబడి వాయించినవాడు గనుకనే, ఒంటరిగా వాయించినప్పుడు కూడా ఆయన తీగలు పాడినట్లే ఉండేవి. పాటలోని ప్రతి ఊపిరీ ఆయనకు చెవిద్వారా పరిచితమే. అంటే పక్కస్థానం ఆయనకు అడ్డంకి కాలేదు. అదే పాఠశాల అయినది.

గౌరవాలు తరువాత వాటంతటవే వచ్చాయి. 1941లో మద్రాసు సంగీత విద్వత్సభ ‘సంగీత కళానిధి’ బిరుదునిచ్చినది. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ లభించాయి. 1952లో మన దేశానికి వచ్చిన ప్రపంచ ప్రఖ్యాత వయొలిన్ విద్వాంసులు యెహుదీ మెనూహిన్ ఆయన వాద్యం విని ప్రశంసించారు. ఏ ఖండం నుండి ఆ వాద్యం మనకు వచ్చినదో, ఆ ఖండపు సంగీతంలో ఆరితేరిన విద్వాంసుడే మన తెలుగువాని చేతిలో దానిని విని ఆనందించారన్నమాట! 1964 నవంబరు 25న నాయుడుగారు పరమపదించారు. శతజయంతి సందర్భంగా 1993లో తపాలాశాఖ ఆయన స్మారకంగా బిళ్లను వెలువరించినది.

పిల్లవాడు వయొలిన్ కోరితే నిరభ్యంతరంగా చేతికివ్వవచ్చునని ఆ సోదరికి మేము చెప్పాము. అయితే ఒక్క నియమం. మొదటి రెండేళ్లూ వాయించినదానికంటె విన్నది ఎక్కువగా ఉండాలి. నాయుడుగారి రికార్డులు నేటికీ దొరుకుతున్నాయి. ఆదివారం ఉదయం ఇంటిల్లిపాదీ కూర్చుని ఒకటి వినండి. ఆపైన ఏదైనా గాత్ర కచేరీ పెట్టుకుని, ఈసారి గాయకుని వదలి, పక్కన వినవచ్చే వయొలిన్‌ను మాత్రమే చివరిదాకా అనుసరించండి. ఇంతకాలం మనం ఎంత వినకుండా వదిలేశామో అప్పుడు తెలిసివస్తుంది.