కట్టప్ప గురించి అడిగిన అబ్బాయి



వింజమూరు, ఉదయగిరి, ఆత్మకూరు వైపు జరిగే యౌవన కూటాల్లో సినిమా గురించి రెండు రకాల ప్రసంగాలు వింటున్నాము. మొదటి బోధకుడు సినిమా సాతాను వల అంటాడు. ఇక చూడమని అందరి చేతా చేతులెత్తిస్తాడు. రెండవ బోధకుడు సినిమా హీరోను తెచ్చి యేసు ప్రభువు పక్కన నిలబెడతాడు. తండ్రి పంపగా ఆకాశం నుంచి వచ్చాడు గనుక సూపర్‌మ్యాన్ క్రీస్తుకు గుర్తట. లోకం కోసం ప్రాణం పెట్టాడు గనుక ఐరన్‌మ్యాన్ కూడా గుర్తేనట. ఆ కూటం ఫ్లెక్సీ మీద అక్షరాలు సైతం సినిమా పోస్టరు అక్షరాలే.

ఈ ఇద్దరూ తప్పు చేస్తున్నారని మా అభిప్రాయం. మొదటి బోధకుని స్థానంలో మేమే చాలా ఏళ్లు నిలబడ్డాము గనుక, ఈ రాయి ముందు మాకే తగులుతుంది.

2015 జూలైలో బాహుబలి మొదటి భాగం వచ్చింది. అప్పటి నుంచి 2017 ఏప్రిల్ 28న రెండవ భాగం వచ్చేదాకా మన ఊళ్లలో టీ కొట్టు దగ్గర, బస్టాండులో ఒకటే ప్రశ్న: కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? రెండవ భాగం విడుదలైన ఆ వేసవిలో, ఒక ఆదివారం ఆరాధన ముగిశాక, మా సంఘపు అబ్బాయి ఒకడు మందిరం బయట చెప్పులు విడిచే చోట ఆగాడు. కావలి వెళ్లి సినిమా చూసి వచ్చాడు.

"అయ్యగారూ, కట్టప్ప చేసింది పాపమేనా? రాజమాత ఆజ్ఞ కదా. తరతరాలుగా ఆ సింహాసనానికి బానిస కదా. చేయనంటే ఎట్లా?" అని అడిగాడు.

"మందిరం గడపలో సినిమా మాటలేంది అబ్బాయ్? బైబిలు చదవడానికి లేని తీరిక సినిమాకు దొరికిందా?" అన్నాము. నలుగురూ నవ్వారు. ఆ అబ్బాయి తల వంచుకొని వెళ్లిపోయాడు. తర్వాత రెండు ఆదివారాలు వచ్చాడు, ఆపైన రాలేదు. బెంగళూరు పోయాడని వాళ్లమ్మ చెప్పింది.

అసలు సంగతి ఏడాది తర్వాత ఆ తల్లే ఏడుస్తూ చెప్పింది. ఆ రోజుల్లో అతడు వడ్డీకి డబ్బులిచ్చే ఒకాయన దగ్గర వసూళ్లకు తిరిగేవాడు. ఒక అవ్వ బర్రెల మేత కోసం పదివేలు తీసుకుంది. ఖాళీ ప్రోనోటు మీద ఆమె వేలిముద్ర వేయించుకొని రమ్మని యజమాని శనివారం చెప్పాడు. ఆ అబ్బాయి ఆదివారం మమ్మల్ని అడిగాడు. సోమవారం వెళ్లి వేలిముద్ర తెచ్చాడు. ఆ కాగితం మీద తర్వాత పడిన అంకె అరవై వేలు. అవ్వ తన రెండు బర్రెలనూ అమ్ముకుంది.

కట్టప్ప గురించి అడిగినవాడు తన గురించే అడిగాడు. మాకు సినిమా పేరు మాత్రమే వినబడింది.

మొదటి బోధకుణ్ణి ఇప్పుడు అడుగుతున్నాము. అయ్యా, నాతాను ప్రవక్త దావీదు దగ్గరికి ఎలా వెళ్లాడు? నువ్వు హంతకుడివి అని మొదలుపెట్టలేదు. పేదవాడి ఒక్క గొర్రెపిల్ల కథ చెప్పాడు. కథ విని దావీదు కోపంతో మండిపడ్డాకే ఆ మనుష్యుడు నువ్వే అని చూపించాడు (2 సమూయేలు 12). ఏ నిందా చొరబడని గుండెలోకి కథ చొరబడింది. మా దగ్గర జరిగింది దీనికి తలకిందులు. పాపపు అంచున నిలబడినవాడే కథ పట్టుకొని వచ్చాడు, ప్రవక్త కావలసినవాడు చెవులు మూసుకున్నాడు.

అపొస్తలుడైన పౌలు ఏథెన్సులో ప్రసంగిస్తూ ఆ ఊరివారి కవుల మాటను తీసుకున్నాడు (అపొస్తలుల కార్యములు 17:28). ఆ మాట అరాటస్ అనే కవిది. ఆయన కావ్యం మొదలయ్యేదే జ్యూస్ స్తుతితో. మన తెలుగు బైబిలులో ద్యుపతి అని ఉన్నది ఆ జ్యూసే. చెడు సాంగత్యం గురించి కొరింథీయులకు రాసిన మాట (1 కొరింథీ 15:33) మెనాండర్ అనే గ్రీకు నాటక రచయితదని పండితులు చెబుతారు. ఆ కాలపు జనానికి నాటకమే సినిమా. పౌలు జ్యూసును మొక్కలేదు, నాటకశాలను పొగడలేదు. ఎదుటివాడి నోట ఉన్న మాట దగ్గర మొదలుపెట్టి ప్రభువు పునరుత్థానం దాకా తీసుకెళ్లాడు.

మన సంగతి చూద్దాం. 1978లో వచ్చిన కరుణామయుడు మన పల్లెల్లో ఎన్ని చోట్ల తెల్లగుడ్డ కట్టి వేశారో పెద్దవాళ్లను అడగండి. తీసినవాడు భీమ్‌సింగ్, శివాజీ గణేశన్‌తో కుటుంబ చిత్రాలు తీసిన దర్శకుడు. అందులో సిలువ మోసే ఘట్టంలోని పాట రాసింది సినిమా రచయిత మోదుకూరి జాన్సన్. పాడింది నెల్లూరు హరికథకుడు సాంబమూర్తి గారి కుమారుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం. గుడ్ ఫ్రైడే నాడు ఆ పాట మైకులో పెట్టి కళ్లు తుడుచుకునే మనమే, ఆదివారం సినిమా అంతా సాతానుదేనని ఎలా చెబుతాము?

ఇక రెండవ బోధకుడు. ఆయన మొదటాయన కంటే తెలివైనవాడిలా కనిపిస్తాడు గాని, ఎక్కువ నష్టం చేస్తున్నాడేమోనని మా భయం. సూపర్‌మ్యాన్‌ను కల్పించింది జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు యూదు యువకులు. కథ అచ్చులోకి వచ్చింది 1938లో. లోకం నశించిపోతుంటే తల్లిదండ్రులు పసిబిడ్డను చిన్న నావలో పెట్టి పంపేశారు. ఇది క్రీస్తు కంటే జమ్ముపెట్టెలోని మోషేకు దగ్గర. పైగా ఆ తండ్రి కుమారుణ్ణి పంపింది కుమారుడు బతకాలని. మన తండ్రి తన సొంత కుమారుణ్ణి వెనుకతీయక మనకోసం అప్పగించాడు (రోమా 8:32). 2019లో వచ్చిన ఎవెంజర్స్ ఎండ్‌గేమ్‌లో ఐరన్‌మ్యాన్ ప్రాణం పెట్టిన మాట నిజం. కానీ ఏ చిటికెతో తాను చనిపోయాడో ఆ చిటికెతోనే శత్రువుల సేననంతా బూడిద చేశాడు. మన ప్రభువు తనకు మేకులు కొట్టినవారి కోసం ప్రార్థించాడు. మనం శత్రువులమై ఉండగానే మనకోసం చనిపోయాడు (రోమా 5:10). పోలిక చెప్పదలచినవాడు ఈ తేడా దాకా రావాలి. సువార్త ఉన్నది ఆ తేడాలోనే. పోలిక దగ్గర చప్పట్లు కొట్టించుకొని దిగిపోతే, యౌవనస్థులకు మరో హీరో దొరికాడు తప్ప రక్షకుడు దొరకలేదు.

ఇద్దరిలోనూ ఉన్న లోపం ఒకటే. ఇద్దరూ సినిమా గురించి మాట్లాడతారు. ఎదురుగా కూర్చున్న పిల్లవాణ్ణి ఏమీ అడగరు.

అయితే మందిరంలో సినిమాలు వేయమంటారా అని మమ్మల్ని అడుగుతారు. లేదు. సినిమాల్లో చెత్త ఉంది, స్త్రీలను అవమానించే పాటలున్నాయి, రక్తం పారించడమే మగతనమనే కథలున్నాయి. వాటిని చెత్త అనడానికి మేము వెనుకాడము. సమస్తమును పరీక్షించి మేలైనదాన్ని చేపట్టమన్నారు గదా (1 థెస్సలొనీక 5:21). మేము అడిగేది చిన్న పని. ఒక యౌవనస్థుడు సినిమా మాట ఎత్తినప్పుడు, కసరకముందు ఒక్క ప్రశ్న అడగండి: "అందులో నీకు ఎక్కడ తగిలింది, నాయనా?" తర్వాత నోరు మూసుకొని వినండి. తగిలిన చోటు తెలిశాక వాక్యం తెరవండి.

ఆ ఆదివారం మేము అలా అడిగి ఉంటే, తెరవవలసిన వాక్యం మా చేతిలోనే ఉంది. సౌలు రాజు నోబులోని యాజకులను చంపమని తన కావలివారిని ఆజ్ఞాపించాడు. వాళ్లు రాజు ఉప్పు తిన్నవాళ్లే, అయినా చెయ్యి ఎత్తలేదు. దోయేగు ఎత్తాడు. ఆ ఒక్క దినమే 85 మంది యాజకులు పడిపోయారు (1 సమూయేలు 22:17-18). ఒకే రాజు, ఒకే ఆజ్ఞ. చేయనన్నవాళ్లున్నారు, చేసినవాడున్నాడు. అబ్బాయ్, కట్టప్ప చేసింది పాపమే. చేయనని చెప్పడం సాధ్యమే. నీకంటే ముందు చెప్పినవాళ్లున్నారు. ఈ నాలుగు మాటలకు ఎంతసేపు పడుతుంది?

పోయిన క్రిస్మస్‌కు అతడు ఊరికి వచ్చాడు. వాళ్ల ఇంటికి వెళ్లి, వేపచెట్టు కింద కూర్చొని, ఆనాటి మాటకు క్షమించమని అడిగాము. దోయేగు సంగతి చెప్పాము. చాలాసేపు నేల చూస్తూ కూర్చున్నాడు.

"ఇది ఆ రోజే చెప్పుంటే బాగుండేది అయ్యగారూ" అన్నాడు.

మా దగ్గర జవాబు లేదు. ఆ అవ్వకు అతడు నెలనెలా కొంత డబ్బు పంపుతున్నాడని తర్వాత తెలిసింది. జక్కయ్య గురించి మేము చెప్పక మునుపే మొదలుపెట్టాడట. దానికి మా ప్రసంగాలేవీ కారణం కాదు. ప్రభువు బల్ల దగ్గరికి మాత్రం ఇంకా రావడం లేదు. రమ్మని తొందరపెట్టే అర్హత మాకు లేదు గనుక ఎదురుచూస్తున్నాము.

తోటి సేవకులారా, ఈ ఆదివారం మీ మందిరం బయట కూడా ఒక పిల్లవాడు ఏదో సినిమా కథ పట్టుకొని నిలబడి ఉండవచ్చు. వాడికి సోమవారం ఏం పని అప్పగించారో మీకు తెలియదు.

ప్రభువా, వినే చెవులను మాకు దయచేయుము. మా నోటి మాట వలన నీకు దూరమైనవారిని నీవే వెదకి తెచ్చుకొనుము. ఆమేన్.