స్టెంటు వేశారు సరే, ఏటా చూసేదెవరు?

స్టెంటు అనగానే మనవాళ్లకి గుర్తొచ్చేది గుండె. 1990లలో హైదరాబాదులో డాక్టర్ సోమరాజు గారూ, అబ్దుల్ కలాం గారూ కలిసి తక్కువ ఖర్చుతో కలాం-రాజు స్టెంటు తయారుచేసిన సంగతి చాలామందికి తెలిసిందే. ఈ టపా దాని గురించి కాదు. పొట్టలోని పెద్ద రక్తనాళంలో వేసే స్టెంట్ గ్రాఫ్టు గురించి. ఇంకా చెప్పాలంటే, వేశాక ఏళ్ల తరబడి తీయాల్సిన స్కాన్ల గురించి.

గుండె నుంచి బయల్దేరిన బృహద్ధమని పొట్టలోకి దిగి, బొడ్డు దగ్గర రెండు పాయలుగా చీలి కాళ్లకు వెళ్తుంది. పొట్టలో దాని వెడల్పు మామూలుగా 2 సెంటీమీటర్ల చిల్లర. వయసు, బీపీ, అన్నిటికంటే ముఖ్యంగా పొగ.. ఇవన్నీ కలిసి గోడని బలహీనం చేస్తే, పాత సైకిలు ట్యూబులా ఒకచోట ఉబ్బుతుంది. 3 సెంటీమీటర్లకి చేరితే దాన్ని అన్యూరిజం అంటారు. మగవాళ్లలో 5.5 కి చేరితే రిపేరు గురించి ఆలోచిస్తారు. చాలామందికి నొప్పి ఉండదు, ఏ లక్షణమూ ఉండదు. పగిలిందంటే మాత్రం ఆస్పత్రికి చేరేలోపే సగం కథ అయిపోతుంది. ఐన్‌స్టీన్ 1955లో పోయింది దీనివల్లే. 1948లో డాక్టర్ నిస్సెన్ ఆ ఉబ్బు చుట్టూ సెల్లోఫేన్ చుట్టి ఆరేళ్లకు పైగా నెట్టుకొచ్చారు.

పూర్వం పొట్ట కోసి, ఉబ్బిన ముక్క స్థానంలో గుడ్డ గొట్టం కుట్టేవాళ్లు. ఇప్పటికీ చేస్తారు. 1990లో బ్యూనస్ ఎయిరిస్‌లో డాక్టర్ పరోడీ ఇంకో దారి చూపించాడు. గజ్జల్లోని రక్తనాళం గుండా మడిచిన గొట్టాన్ని పైకి పంపి, ఎక్స్‌రేలో చూస్తూ లోపల విప్పడం. రక్తం గొట్టంలోంచి పోతుంది, ఉబ్బు మీద ఒత్తిడి తగ్గుతుంది. రోగి నాలుగు రోజుల్లో ఇంటికొస్తాడు.

బాగానే ఉంది కదా.. మరి చిక్కెక్కడ?

పొట్ట కోసి కుట్టిన గొట్టం అతుక్కుపోతుంది. స్టెంట్ గ్రాఫ్టు మాత్రం గోడని పట్టుకుని నిలబడుతుంది, అంతే. కొన్నేళ్లకు కిందకి జారొచ్చు, అతుకు ఊడొచ్చు, పక్కనున్న చిన్న నాళాల్లోంచి రక్తం వెనక్కొచ్చి ఆ సంచిని మళ్లీ నింపొచ్చు. ఈ లీకుల్ని ఎండోలీక్ అంటారు. రోగికి ఏమీ తెలియదు. తెలిసేది స్కానుకే. అందుకే మొదటి నెలలో ఒక సీటీ, ఏడాదికి మళ్లీ స్కాను, అంతా బావుంటే ఆ తర్వాత ఏటా కనీసం అల్ట్రాసౌండ్. ఎన్నేళ్లు? ఉన్నన్నాళ్లూ.

ఇది డాక్టర్ల చాదస్తం కాదు. బ్రిటన్‌లో 1999లో మొదలైన ఈవార్-1 అనే ట్రయల్‌లో 1252 మందిని రెండు పద్ధతులకీ పంచి చూశారు. మొదటి 30 రోజుల్లో మరణాలు స్టెంట్ గ్రాఫ్టులో 1.8 శాతం, కోత ఆపరేషనులో 4.3 శాతం. స్టెంటు గెలిచింది. 2016లో పదిహేనేళ్ల లెక్కలు ప్రచురిస్తే కథ తిరగబడింది. ఎనిమిదేళ్లు దాటాక అన్యూరిజం మరణాలు స్టెంటు వైపే ఎక్కువ. ముఖ్యకారణం పాత సంచి మళ్లీ పగలడం. ఇక అమెరికాలో మెడికేర్ రోగుల మీద 2015లో వచ్చిన పరిశోధన ప్రకారం ఐదేళ్లయ్యేసరికి సగంమంది ఏటా తీయాల్సిన స్కాన్లకు దూరమయ్యారు. డబ్బూ రోడ్లూ ఉన్నచోటే ఇలా ఉంటే మన సంగతేంటి?

మాది పల్నాడు అచ్చంపేట (నల్లమల దగ్గరిది అనుకునేరు, మాది కృష్ణకి ఇవతల). మా వీధిలో వరసకి బాబాయి అయ్యే ఒక పెద్దాయనకి మూడేళ్ల క్రితం ఈ స్టెంటు వేశారు. మొదటి ఏడాది స్కాను తేదీ సరిగ్గా మిరపకోతల్లో పడింది. కోతలప్పుడు ఎవరు కదుల్తారు? వెళ్లలేదు. రెండో ఏడాది దగ్గర్లో అల్ట్రాసౌండ్ తీయించారు, ఉబ్బు 5.7 అన్నారు. మూడో ఏడాది ఇంకో ఊళ్లో సీటీ, 6.1 అన్నారు. వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. "అన్నా, నాలుగు మిల్లీమీటర్లు పెరిగినట్టేనా? మళ్లీ ఆపరేషనా?"

నేను డాక్టర్ని కాదు, కాకపోతే స్కాన్ బొమ్మల సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తాను కాబట్టి ఒక్క సంగతి తెలుసు. ఆ రెండు అంకెల్నీ తీసేస్తే వచ్చే నాలుగుకి పెద్ద అర్థం లేదు. అల్ట్రాసౌండ్ మామూలుగానే సీటీ కంటే కొంచెం తక్కువ చూపిస్తుంది. గోడ లోపలి అంచు నుంచి కొలిచారా, బయటి అంచు నుంచా? నాళం వంకరగా ఉంటే అడ్డంగా కోసిన బొమ్మ మీద కొలిచారా, నాళానికి లంబంగానా? ఒక్కోదానికీ కొన్ని మిల్లీమీటర్ల తేడా వస్తుంది. అందుకే 5 మిల్లీమీటర్లు దాటితేగానీ పెరిగిందని గట్టిగా అనరు. తేల్చాలంటే పాత బొమ్మలూ కొత్త బొమ్మలూ పక్కపక్కన పెట్టి, ఒకే పద్ధతిలో ఒకే మనిషి కొలవాలి.

పాత బొమ్మలేవి? ఆపరేషనప్పటి సీడీ కనబడలేదు. ఆస్పత్రిలో అడిగితే పాతవి ఉండవన్నారు. ఇంట్లో మేకుకి వేలాడుతున్న కవర్లో ఫిల్ము ఉంది. వందల బొమ్మల్లోంచి ఏరిన ఓ ఇరవై. చివరికి ఆరు నెలలాగి మళ్లీ సీటీ తీద్దామన్నారు. ఆయనకి కిడ్నీలు అంతంతమాత్రం, ప్రతి సీటీకీ రంగుమందు ఎక్కించాలి. ఆ ఆరు నెలలూ ఆ ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్రలేదు.

మా వృత్తిలో సాఫ్ట్‌వేర్‌ని సర్వర్లోకి ఎక్కించాక దాన్ని రోజూ కనిపెట్టి ఉండటానికి వేరే టీమే ఉంటుంది. ఎవడో ఏదో కొనుక్కునే వెబ్‌సైటుకే అంత కాపలా. మనిషి పొట్టలో పెట్టినదానికి కాపలా "గుర్తుంటే రండి" అన్న ఒక్కమాటేనా?

నా అభిప్రాయం సూటిగా ఇదీ. ఆపరేషనుకి డబ్బు కట్టేది ప్రభుత్వ పథకమైనా, ఇన్సూరెన్సు కంపెనీ అయినా, కనీసం మొదటి ఐదేళ్ల స్కాన్లనీ అదే ప్యాకేజీలో కలపాలి. స్కాను తేదీ దాటిపోతే ఆస్పత్రే ఫోన్ చెయ్యాలి. బొమ్మల్ని ఫిల్ము మీద కాకుండా డైకామ్ ఫైళ్లుగా రోగి చేతికివ్వాలి. డైకామ్ ప్రమాణం 1993 నుంచీ ఉంది, ఏ కంపెనీ మెషీను బొమ్మనైనా ఎక్కడైనా తెరవడానికే దాన్ని పెట్టారు. 2021లో దేశమంతా మొదలుపెట్టిన డిజిటల్ హెల్త్ మిషన్ కింద 14 అంకెల ఆభా నంబరు ఇస్తున్నారు, మంచిదే. కానీ నంబరుండటం వేరు, గుంటూరులో తీసిన పాత స్కాను విజయవాడ డాక్టరు ముందు తెరుచుకోవడం వేరు.

"అసలు ఎంతమందికి వస్తుందిలే ఈ జబ్బు?" అంటారా? బ్రిటన్‌లో 65 ఏళ్లు నిండే ప్రతి మగాడినీ ఒకసారి పొట్ట అల్ట్రాసౌండ్‌కి పిలుస్తారు. మన దగ్గర అలాంటి పిలుపు లేదు, వేరే నొప్పికి స్కాన్ తీస్తే యాదృచ్ఛికంగా బయటపడటమే. చుట్టలూ బీడీలూ జీవితమంతా కాల్చిన పెద్దవాళ్లు మన ఊళ్లలో తక్కువేం లేరు.

అవన్నీ జరిగేదాకా మనం చెయ్యగలిగింది ఒకటుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఇది వేసుంటే, సీడీ అడిగి తీసుకోండి, ఇంకో కాపీ పెన్ డ్రైవులో పెట్టండి. ప్రతి ఏడాదీ వీలైతే ఒకేచోట స్కాన్ తీయించండి, పాతవి పట్టుకెళ్లి పోల్చి చూడమనండి. పట్టాదారు పాసుపుస్తకం ట్రంకుపెట్టెలో ఎంత భద్రంగా ఉంటుందో ఆ సీడీ కూడా అంత భద్రంగా ఉండాలి. తేదీ మిరపకోతల్లో పడితే నెల ముందే వెళ్లిరండి.

డాక్టర్లెవరైనా చదువుతుంటే, ఇందులో ఏది కుదురుతుందో ఏది కుదరదో చెప్పండి. వినాలనుంది.