బండి కదిలింది సరే.. కుదుపు మాటేమిటి?

మెకానికల్, ఆటోమొబైల్ చదివే చాలామందికి ఒక కోరిక ఉంటుంది. ఎక్కడో దొరికిన ఇంజిన్ తెచ్చి, పైపులు వెల్డింగ్ చేసి, సొంతంగా ఓ బండి తయారు చేయాలని. అమెరికాలో పాత ఫోర్డ్ కార్లను ఇంటి షెడ్లలోనే విప్పి, బరువు తగ్గించి, బలమైన ఇంజిన్ బిగించి తయారు చేసుకునే బళ్లను ‘హాట్ రాడ్’లంటారు. మన కాలేజీ వర్క్‌షాపుల్లో పుట్టే బగ్గీలు, ఏటీవీలు వాటికి దగ్గరి చుట్టాలే.

జనగామ అయినా, మహబూబాబాద్ అయినా, భూపాలపల్లి అయినా ప్రాజెక్టు బండి కథ ఒకేలా ముగుస్తుంది. ఇంజిన్ స్టార్టయింది. బండి గ్రౌండులో ఒక రౌండ్ కొట్టింది. ఈలలు, సెల్ఫీలు, ఒక రీల్. ఆ తర్వాత రంగు, స్టిక్కర్లు, రిపోర్టు బైండింగ్. ప్రాజెక్టు అయిపోయింది!

కాదు మిత్రులారా, అసలు పని అక్కడే మొదలవుతుంది. వెల్డింగ్ షాపు అన్న మీకంటే బాగా ఫ్రేమ్ అతుకుతాడు. మెకానిక్ మీకంటే త్వరగా ఇంజిన్ బిగిస్తాడు. మరి డిగ్రీ ఉన్న మీరు చేయాల్సిందేంటి? బండి ఎందుకు ఎగురుతోందో, మలుపులో ఎందుకు పక్కకు లాగుతోందో లెక్క కట్టి చెప్పడం, సరిచేసి చూపించడం. ఇంటర్వ్యూలో మిమ్మల్ని నిలబెట్టేది కూడా అదే.

ఖాళీ ట్రాలీ చెప్పే పాఠం

మహబూబాబాద్ మార్కెట్‌కు మిర్చి బస్తాలు తీసుకెళ్లే ట్రాలీని గమనించండి. లోడుతో వెళ్లేటప్పుడు సాఫీగా పోతుంది. బస్తాలు దించి వచ్చేటప్పుడు అదే రోడ్డు, అదే డ్రైవర్, కానీ నడుం విరుగుతుంది. స్ప్రింగ్ గట్టిదనం మారలేదు, దాని మీదున్న బరువు తగ్గింది. అంతే తేడా.

దీన్నే మీ పుస్తకంలో నేచురల్ ఫ్రీక్వెన్సీ అన్నారు. స్ప్రింగ్ గట్టిదనాన్ని దాని మీదున్న బరువుతో భాగించి, వర్గమూలం తీసి, 2పైతో భాగించాలి. గేట్ సిలబస్‌లో వైబ్రేషన్స్ కింద మీరు బట్టీ పట్టే ఫార్ములానే ఇది. మామూలు కార్లలో ఈ విలువ సుమారు 1 నుంచి 1.5 హెర్ట్జ్ ఉంటుంది. ఇక నిలువు కదలికల్లో మనిషి శరీరం ఎక్కువగా ఇబ్బంది పడేది 4 నుంచి 8 హెర్ట్జ్ మధ్య. అంటే మన బండి ఆ జోలికి పోకూడదు.

ఒక లెక్క చూద్దాం. ఒక్కో చక్రం వైపు స్ప్రింగ్ 75 కిలోల బరువు మోస్తోందనుకోండి. మీరు తెచ్చిన బైక్ షాక్ అబ్జార్బర్ స్ప్రింగ్ గట్టిదనం మిల్లీమీటరుకు 30 న్యూటన్లు. దాన్ని నిలువుగా, సరిగ్గా చక్రం దగ్గరే బిగిస్తే ఫ్రీక్వెన్సీ 3.2 హెర్ట్జ్. రాళ్ల మీద ఎడ్లబండే! అదే షాక్‌ను సస్పెన్షన్ ఆర్మ్ పొడవులో 60 శాతం దూరంలో బిగించండి. చక్రం దగ్గర పనిచేసే గట్టిదనం 0.6 వర్గం మేరకు, అంటే 0.36 వంతుకు పడిపోతుంది. 30 కాస్తా 10.8 అవుతుంది. ఫ్రీక్వెన్సీ 1.9కి దిగుతుంది. సరిగ్గా సగం దూరంలో బిగిస్తే 1.6.

కొత్త స్ప్రింగ్ కొనలేదు. రూపాయి ఖర్చు లేకుండా బ్రాకెట్ జరిపారంతే. అయితే ఊరికే ఏదీ రాదు. సగం దూరంలో బిగిస్తే షాక్ మీద పడే బలం రెట్టింపవుతుంది, ఆర్మ్ వంగే ప్రమాదం పెరుగుతుంది, బండి తన బరువుకే దాదాపు 10 సెంటీమీటర్లు కుంగుతుంది. కింద ఖాళీ అంత ఉందా లేదా చూసుకోవాలి. ఇలా ఒకటి పొందడానికి ఇంకొకటి ఎంత వదులుకోవాలో తూచుకోవడమే డిజైన్.

గట్టిగా ఉంటే మంచిదా?

భూపాలపల్లి రోడ్ల మీద తిరిగే బొగ్గు టిప్పర్ల వెనక చక్రాల దగ్గర లావుపాటి కమాన్ కట్టలు చూసే ఉంటారు. అవి టన్నుల బరువు కోసం పుట్టినవి. పాత సామాన్ల షాపులో చవగ్గా దొరికిందని పెద్ద బండి కమాన్ కట్ట తెచ్చి 300 కిలోల బగ్గీకి బిగిస్తే అది స్ప్రింగ్‌లా కాదు, ఇనుప దూలంలా పనిచేస్తుంది. పైగా పట్టీల మధ్య రాపిడి వల్ల చిన్న చిన్న గుంతలకు అసలు కదలనే కదలదు.

హాట్ రాడ్లు కట్టినవాళ్లకూ ఇదే తలనొప్పి. వాళ్లకు ప్రాణమైన 1932 ఫోర్డ్‌లో ముందొకటి, వెనకొకటి అడ్డంగా పెట్టిన కమాన్ కట్టలే ఉండేవి. ఫోర్డ్ కార్ల ముందు చక్రాలకు విడివిడిగా కదిలే కాయిల్ స్ప్రింగ్ సస్పెన్షన్ వచ్చింది 1949 మోడల్‌తోనే. అందుకే చాలామంది పాత బాడీ ఉంచుకుని, కింద సస్పెన్షన్ మాత్రం కొత్త తరం కార్లది బిగించుకున్నారు.

అలాగని మరీ మెత్తగా చేస్తే మలుపులో బండి ఒరిగిపోతుంది. దానికి స్ప్రింగులన్నీ గట్టివి వేయక్కర్లేదు. రెండు పక్కలనూ కలిపే యాంటీ రోల్ బార్ పెడితే ఒరగడం తగ్గుతుంది, రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కే ఎత్తుపల్లాల్లో మెత్తదనం అలాగే ఉంటుంది.

ముందు కొలత, తర్వాత పానా

కొలవడానికి పెద్ద ల్యాబ్ కావాలని భయపడకండి. జనగామ మార్కెట్ యార్డులో ధాన్యం తూచే కాంటాల్లాంటివి నాలుగు దొరికితే చాలు. చదునైన నేల మీద ఒక్కో చక్రం కింద ఒకటి పెట్టి, డ్రైవర్‌ను కూర్చోబెట్టి తూచండి. బరువు ఎటు ఎక్కువుందో అప్పుడే తెలిసిపోతుంది. ఆ తర్వాత ఈ వరసలో వెళ్లండి.

టైర్లు: తేలికపాటి బండికి కారు టైర్లు వేసి, కారుకు పట్టినంత గాలీ పట్టిస్తే టైరే రాయవుతుంది. కొంచెం కొంచెంగా తగ్గిస్తూ ప్రతిసారీ రాసుకోండి.

లూజు: బండిని జాకీ మీద లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. బాల్ జాయింట్లు, బుష్‌లు, బేరింగులు కొట్టుకుంటుంటే మిగతా సెట్టింగులన్నీ దండగ.

షాక్: మూలను కిందికి నొక్కి వదలండి. ఒకసారి పైకి లేచి కుదురుకోవాలి. ఊగుతూనే ఉంటే షాక్‌లో పట్టు లేదు.

స్టీరింగ్: స్ప్రింగ్ తీసేసి చక్రాన్ని పైకీ కిందికీ కదిపి చూడండి. మీరు స్టీరింగ్ ముట్టుకోకుండానే చక్రం పక్కకు తిరుగుతోందా? అదే బంప్ స్టీర్. ప్రతి గుంతకూ బండి తనంతట తానే దారి మారుస్తుంది. టై రాడ్ ఎత్తును వాషర్లతో సర్దితే చాలావరకు తగ్గుతుంది.

ఇక కుదుపును అంకెల్లో చూడాలంటే మీ జేబులో ఫోనుంది. జర్మనీలోని ఆహెన్ టెక్నికల్ యూనివర్సిటీ వాళ్ల ‘ఫైఫాక్స్’ లాంటి ఉచిత యాప్ తెరిచి, ఫోన్‌ను సీటుకు గట్టిగా కట్టి, అదే దారిలో, అదే వేగంతో మూడుసార్లు నడపండి. ఒక మార్పు చేయండి. మళ్లీ మూడుసార్లు నడపండి. ఒకేసారి నాలుగు మార్చేస్తే దేనివల్ల బాగుపడిందో మీకే తెలీదు.

ఇంటర్వ్యూలో అడిగేదేంటి?

దేశంలో విద్యార్థులు కట్టిన బళ్ల పోటీ బాజా ఎస్ఏఈ ఇండియా 2007లో మొదలైంది. పెట్రోల్ విభాగంలో ఏళ్ల తరబడి జట్లన్నింటికీ ఒకే 10 హార్స్‌పవర్ ఇంజిన్. ఇంజిన్ ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడొస్తుంది? బరువులో, సస్పెన్షన్‌లో, డ్రైవర్‌లో. ఎండ్యూరెన్స్ రేసులో గంటల తరబడి గుంతల్లో పడి లేచినా విరక్కుండా నిలిచిన బండే ముందుంటుంది.

ఉద్యోగాలూ అలాంటివే. జెడ్ఎఫ్, హ్యుందాయ్ లాంటి కంపెనీల ఇంజినీరింగ్ సెంటర్లు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. పుణె, చెన్నై సంగతి చెప్పనక్కర్లేదు. చాసిస్, వెహికల్ టెస్టింగ్, సిమ్యులేషన్.. పేరేదైనా పని ఒకటే: కొలవడం, కారణం పట్టడం, మార్చడం, మళ్లీ కొలవడం. ‘మేం బగ్గీ చేశాం సార్’ అంటే ప్యానెల్ తలూపి ఊరుకుంటుంది. ‘వెనక స్ప్రింగ్ ఫ్రీక్వెన్సీ 3.2 నుంచి 1.9కి తెచ్చాం, ఇదిగో ముందూ వెనకా గ్రాఫ్’ అంటే కుర్చీ ముందుకు జరుపుకొని వింటుంది. రెడీమేడ్ ప్రాజెక్టు కొనుక్కున్నవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. బండి కొనొచ్చు, ఆ గ్రాఫ్ వెనకున్న రాత్రుల్ని కొనలేరు.

కాలేజీలకూ ఒక మాట. వైవాలో మార్కులు బండి రంగుకు కాదు, టెస్టింగ్ లాగ్‌బుక్‌కు వేయండి. ఏడో సెమిస్టర్‌లోనే బండి కదిలేలా గడువు పెడితే, ఎనిమిదోది మొత్తం దాన్ని సరిచేయడానికి మిగులుతుంది. డబ్బులేమీ అక్కర్లేని సంస్కరణ ఇది.

చివరిగా గట్టి హెచ్చరిక. ఇవన్నీ కాలేజీ గ్రౌండులో, హెల్మెట్‌తో, సీటు బెల్టుతో, లెక్చరర్ ఎదుట మాత్రమే. రిజిస్ట్రేషన్ లేని బండిని హైవే ఎక్కించడం నేరం. రిజిస్టరైన బండిని కూడా ఇష్టమొచ్చినట్టు మార్చడానికి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఒప్పుకోదు. రీల్ కోసం ప్రాణం, సర్టిఫికెట్ రెండూ పణంగా పెట్టొద్దు.

మీ వర్క్‌షాపు మూలన సీనియర్లు వదిలేసిన బండి ఒకటి దుమ్ము పట్టి ఉండే ఉంటుంది. కొత్తది మొదలుపెట్టే ముందు దాన్నోసారి తూచండి. టేపు, నోటుబుక్కు పట్టుకెళ్లండి.