ప్రథమ పురుష ఎవరు?

మొన్న సాయంత్రం తర్లుపాడులో మా అరుగు మీద కూర్చుని పక్కింటి ఏడవ తరగతి కుర్రవాడు వల్లె వేస్తున్నాడు. "ఐ గో, వుయ్ గో, యు గో, దే గో, హీ గోస్." చివర ఆ 'స్' ఎందుకొచ్చిందిరా అని అడిగాను.

"హీ థర్డ్ పర్సన్ గదా తాతా" అన్నాడు.

"మరి మీ తెలుగయ్యవారు 'అతడు' ఏ పురుష అన్నారు?"

"ప్రథమ పురుష" అన్నాడు. అని, తానే ఆగిపోయాడు.

సంస్కృత సంప్రదాయాన్ని అనుసరించి మనకు 'అతడు' ప్రథమ, 'నీవు' మధ్యమ, 'నేను' ఉత్తమ. ఆంగ్ల వైయాకరణుల లెక్క 'నేను'తో మొదలవుతుంది. రెండవ పీరియడులో మొదటివాడు మూడవ పీరియడుకు మూడవవాడవుతాడన్నమాట! ఈ తేడా చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ముప్పయ్యేళ్ళు తెలుగు చెప్పిన నేను ఒక్కనాడూ చెప్పలేదు. పక్క గదిలోని ఇంగ్లీషు మాస్టారూ చెప్పలేదు. ఒకే కుండలోని నీళ్ళు తాగినవాళ్ళమే.

ఇంతకంటె పెద్ద చిక్కు కాలం పేరులో ఉన్నది. 'హీ గోస్' అన్నదాన్ని ప్రెజెంట్ టెన్స్ అంటారు గనుక పిల్లవాడు దానిని వర్తమానమనుకుని 'వెళ్తున్నాడు' అని అర్థం చెప్పుకుంటాడు. తీరా రోజూ చేసే పని రాయమంటే 'ఐ యామ్ గోయింగ్ టు స్కూల్ డైలీ' అంటాడు. తప్పు వాడిది కాదు. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో 'వండుచున్నాడు' వర్తమానమైతే 'వండును' తద్ధర్మం. స్వభావాన్ని, అలవాటును చెప్పే క్రియ అది. ఆంగ్లేయుల 'గోస్' చేసే పని చాలావరకు మన తద్ధర్మం చేసే పనే. మార్కాపురం రోడ్డు దాటిన రైలు మా ఊరి మీదుగా కంభం వెళ్తుంది. ఇప్పుడు పట్టాల మీద బండి లేకపోయినా ఆ మాట నిజమే. అయితే నేటి వాడుకలో 'వెళ్తాడు' అన్న రూపమే రేపటి పనికీ సరిపోతుంది. అందుచేత కొందరు భవిష్యత్తుకు కూడా 'గోస్' తగిలిస్తారు.

ఇక ఆ 'స్' సంగతి. నామవాచకానికి చేరితే బహువచనం, క్రియకు చేరితే ఏకవచనం! 'బాయ్స్ గోస్' అని రాసిన బాలుడు 'బాలురు వెళ్తారు' అన్న మన పొందికనే పాటించాడు పాపం.

వ్యాకరణం ఎందుకండీ, వింటూ ఉంటే అదే వస్తుంది అంటారు కొందరు. ఇంట్లో, వీధిలో ఆ భాష వినబడేచోట నిజమే. పలకల గనుల పక్కన పెరిగే పిల్లవాడికి అది బడిగంట దాటితే వినబడదు. 2019లో ఆంగ్ల మాధ్యమాన్ని తప్పనిసరి చేస్తూ ఉత్తర్వులు వచ్చినప్పుడు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టివేసినప్పుడు నేను చదివిన వాదనలన్నీ ఏ మాధ్యమమన్న దాని చుట్టూనే తిరిగాయి. ఆంగ్ల క్రియ తొలిపాఠం తెలుగు పండితుడే చెప్పాలన్నది నా మాట. పిల్లవాడికి ముందే తెలిసిన క్రియ ఆయన దగ్గరే ఉన్నది.

ఆ సాయంత్రం పాత మార్కాపురం పలక తీసి ఒకవైపు 'వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు, వెళ్తారు' అని, రెండవవైపు వాడి 'గో'లు రాశాను. కాసేపు చూసి, "ఇంగ్లీషులో ఐ తీసేస్తే ఎవరు వెళ్తారో తెలీదు గదా తాతా" అన్నాడు.

తెలియదు. అందుకే వాళ్ళు ఆ 'ఐ'ని వదలరు. మనం 'వెళ్తాను' అని ఊరుకుంటాము.