ఐడియాలు రాసుకోవడం మానేయండి

కొత్తగా కథలు రాస్తున్న ఎవరి ఫోనైనా తీసి చూడండి. నోట్స్‌లో ఒక ఫైలుంటుంది. దాని పేరు ‘కథలు’ అనో, ‘ఐడియాస్’ అనో, ‘ఎప్పటికైనా రాయాల్సినవి’ అనో ఉంటుంది. లోపల సరుకు ఇలా ఉంటుంది: ‘ఉద్యోగం పోయిన తండ్రి, ఇంట్లో చెప్పకుండా రోజూ టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరతాడు.’ ‘గేటెడ్ కమ్యూనిటీ, సర్వీస్ లిఫ్ట్, కులం.’ ‘అమెరికా కొడుకు, వీడియో కాల్‌లో అంత్యక్రియలు.’ ‘వేలిముద్ర పడక రేషన్ ఆగిన ముసలామె. వ్యవస్థ అమానవీయత.’

ఇవి కథలు కావని అందరికీ తెలుసు. ఇవి నోట్సు కూడా కావని నేనంటాను. పత్రికలో సంపాదకీయాలకి పెట్టుకునే శీర్షికలివి. ఇన్ని లైన్లలో ఒక్క మనిషి నోట్లోంచి వచ్చిన ఒక్క మాట లేదు. ఒక వీధి లేదు, ఒక ధర లేదు, ఒక టైము లేదు. ఇలాంటి ఫైల్లోంచి ఎలాంటి కథ వస్తుందో మనకి తెలియనిది కాదు, ప్రతి ఆదివారం చదువుతూనే ఉన్నాం. రెండో పేరాకే ముగింపు తెలిసిపోతుంది. వాచ్‌మన్, వకీలు, వంటమనిషి, కలెక్టరు, అందరూ రచయిత మాట్లాడినట్టే మాట్లాడతారు. యాస కావాలనుకున్న చోట పైన కొత్తిమీర చల్లినట్టు రెండు ‘గట్ల’లు, నాలుగు ‘అండే’లు చల్లుతారు.

నోట్సు రాసుకోవడం గురించి మన దగ్గర రెండు సలహాలు తిరుగుతుంటాయి. మొదటిది సభల్లో పెద్దవాళ్లు చెప్పేది. ‘అసలైన కథ దానంతటదే మనసులో నిలబడిపోతుంది. మర్చిపోయావంటే అది రాయదగ్గది కాదన్నమాట.’ రెండోది రీల్స్‌లోనూ వర్క్‌షాపుల్లోనూ వినపడేది. ఏది తోచినా వెంటనే రాసిపడెయ్, ట్యాగు పెట్టు, లింకు చెయ్, తలకాయ బయట ఇంకో మెదడు కట్టుకో. ఈ రెండు వర్గాలకీ పడదు. కానీ ఇద్దరూ నమ్మేది ఒకటే: దాచుకోవాల్సింది ఐడియా అని. ఒకరు దాన్ని మనసులో దాచమంటారు, ఇంకొకరు యాప్‌లో దాచమంటారు.

ఐడియాని ఎక్కడా దాచక్కర్లేదు. ఉద్యోగం పోయిన తండ్రి ఐడియా ఇవాళ పోతే రేపు మళ్లీ వస్తుంది. మీకు రాకపోతే పక్కవాడికొస్తుంది. అరుదైనది అది కాదు. ఆ తండ్రి ఆ పొద్దున చెప్పులేసుకుంటూ ఏమన్నాడు, సరిగ్గా ఏ మాటతో అన్నాడు, అదీ అరుదైనది. పోయేదీ అదే.

ఇది నేను గాలికి అంటున్న మాట కాదు. జాక్విలిన్ శాక్స్ అనే పరిశోధకురాలు 1967లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించింది. మనుషులకి ఒక కథనం వినిపించి, మధ్యలో వచ్చిన ఒక వాక్యాన్ని తర్వాత గుర్తుపట్టమంది. వాక్యం అర్థం మారిస్తే చాలామంది పట్టేసుకున్నారు. అర్థం అలాగే ఉంచి వాక్యం కూర్పు మారిస్తే మాత్రం, దాదాపు అర నిమిషం గడిచేసరికే, పట్టుకోలేకపోయారు. అంటే మనసు అర్థాన్ని ఉంచుకుని మాటని పారేస్తుంది. బతకడానికి అది చాలు. కథకి అది చాలదు.

ఇంకొంచెం వెనక్కి వెళ్తే బార్ట్‌లెట్ ఉన్నాడు. కేంబ్రిడ్జ్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త, 1932లో జ్ఞాపకం మీద పుస్తకం వేశాడు. ఉత్తర అమెరికా మూలవాసుల కథ ఒకటి ఇంగ్లిష్ వాళ్లకి చదవనిచ్చి, కొన్నాళ్లాగి, మళ్లీ చెప్పమన్నాడు. వాళ్ల తిరుగు చెప్పుళ్లలో కానూ కాస్తా మామూలు పడవైపోయింది. సీల్ వేట చేపలు పట్టడమైపోయింది. అర్థం కాని దయ్యాలు నెమ్మదిగా జారిపోయాయి. వాళ్లలో ఎవరూ అబద్ధమాడలేదు, ఎవరికీ దురుద్దేశం లేదు. వాళ్ల జ్ఞాపకం ఆ కథని వాళ్ల ఇంటి భాషలోకి, వాళ్ల ఊరి లోకజ్ఞానంలోకి మార్చుకుంది, అంతే. ఆ కథ అసలు రూపం మనకి మిగిలింది ఎందుకంటే, ఫ్రాంజ్ బోయాస్ అనే ఆయన అంతకుముందే ఆ భాష మాట్లాడే మనిషి ఎదురుగా కూర్చుని, ఆ మనిషి మాటల్లోనే రాసుకున్నాడు కాబట్టి.

ఇప్పుడు మన సంగతికొద్దాం. నగర శివార్లలో ఒక రేషన్ షాపు దగ్గర నేను విన్న మాట ఇది. వేలిముద్ర మిషను మొరాయించింది. లైన్లో నా ముందున్న పెద్దమనిషి వెనక్కి తిరిగి అంది: “కంట్రోలు బియ్యానికి మూడొద్దుల సంది తిరుగుతున్న బిడ్డా. నేను నేనే అని మా వాడకట్టంత జెప్తది. గా డబ్బ జెప్తలేదు.”

దీన్ని నోట్సు లేకుండా ఆరు నెలలు మనసులో ఊరబెట్టండి. బయటికొచ్చేది ఇది: ‘రేషన్ బియ్యం కోసం మూడు రోజులుగా తిరుగుతున్నాను. నా గుర్తింపుని ఒక యంత్రం నిర్ణయిస్తోంది.’ కంట్రోలు రేషనైంది. మూడొద్దులు మూడు రోజులైంది. డబ్బ యంత్రమైంది. అన్నిటికంటే ముఖ్యంగా, వాడకట్టు మాయమైంది. ఆమె చెప్పినదాంట్లో మిషను మీద ఫిర్యాదు సగమే. మిగతా సగం, తనని తెలిసిన ఒక వీధి నిండా మనుషులున్నారన్న ధీమా. ఆ ధీమా పోయి, మనకి బాగా అలవాటైన నిస్సహాయ వృద్ధురాలు మిగిలింది. ఆమెని నిస్సహాయురాలిని చేసింది మిషను ఒక్కటే కాదు, రచయిత జ్ఞాపకం కూడా.

అందుకే ఈ గొడవ నాకు స్టేషనరీ గొడవ కాదు. తెలుగులో చదువుకున్నవాడి జ్ఞాపకానికి ఒక కులం, ఒక తరగతి, ఒక జిల్లా ఉంటాయి. విన్న ప్రతి మాటనీ అది తన పాఠ్యపుస్తకం తెలుగులోకో, ఇప్పుడైతే సగం ఇంగ్లిష్‌లోకో మార్చుకుంటుంది. దాన్ని ఆపే సాధనం నాకు తెలిసినంతలో ఒక్కటే, మాట చెవిలో ఉండగానే కాగితం మీద పెట్టడం. నోట్సు గుర్తుండడం కోసం కాదు. మన జ్ఞాపకం ఎదుటి మనిషిని దిద్దెయ్యకుండా అడ్డం పడడం కోసం.

‘మార్క్వెజ్ నోట్సు రాసుకోనన్నాడు కదా’ అని అడిగేవాళ్లున్నారు. నిజమే. నోట్సు రాసుకుంటే పుస్తకం గురించి కాకుండా నోట్సు గురించి ఆలోచించడం మొదలవుతుందని, ఏళ్ల తరబడి పట్టించుకోకపోయినా చావని ఐడియానే తనకి కావాలని ఆయన చెప్పుకున్నాడు. కానీ ఆయన ఎవరి గొంతుతో రాశాడో కూడా చూడాలి. ఎనిమిదేళ్లు వచ్చేదాకా అమ్మమ్మ, తాతల ఇంట్లో పెరిగాడు. ఆమె కథ చెప్పే తీరే తన నవలకి దారి చూపించిందని ఆయనే చెప్పాడు. నామిని ‘పచ్చ నాకు సాక్షిగా’కీ, ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’కీ నోట్సు పుస్తకం అవసరం లేదు. అది వాళ్ల ఇంటి భాష, ఒంట్లో ఉన్న భాష. రావిశాస్త్రి విశాఖలో వకీలు. ‘ఆరు సారా కథలు’లోని మనుషుల్లాంటివాళ్లు ఆయన వృత్తిలో భాగం, వాళ్ల మాట శ్రద్ధగా వినకపోతే ఆయన కేసు నడవదు.

మనం ఎవరం? చాలామందిమి మూడో అంతస్తులో పెరిగాం, ఇంగ్లిష్ మీడియంలో చదివాం, పొద్దున్నుంచి రాత్రిదాకా హెడ్‌ఫోన్లలో బతుకుతున్నాం. ఇంటిపని చేసే ఆమెతో రోజుకి పది వాక్యాలు మాట్లాడతాం, అందులో ఎనిమిది మనవే. ఒంట్లో లేని భాషని రాయాలనుకున్నప్పుడు ఒంట్లో ఉన్నవాళ్ల పద్ధతి మనకి చెల్లదు. మన ఇంటి భాషే రాస్తామంటే రాయండి, అదీ నిజాయితీ గల పనే. కానీ వాళ్ల గురించి రాస్తాం, వాళ్ల మాట మాత్రం వినం అంటే కుదరదు.

ఐడియా నోట్సుకీ మాట నోట్సుకీ తేడా చెహోవ్ ఎప్పుడో చూపించాడు. ఆయన స్వయంగా నోటుబుక్కులు రాసుకున్నవాడే. 1904లో చనిపోయాక అవి అచ్చయ్యాయి కూడా. 1896 నాటి ‘సీగల్’ నాటకంలో ట్రిగోరిన్ అని ఒక పేరున్న రచయితని పెట్టాడు. అతని చేతిలో ఎప్పుడూ నోటుబుక్కు. మాషా అనే అమ్మాయి నశ్యం పీలుస్తుందనీ, వోడ్కా తాగుతుందనీ, ఎప్పుడూ నల్లబట్టలే కడుతుందనీ రాసుకుంటాడు. అంతవరకూ బాగుంది. తర్వాత నీనా పక్కన చచ్చిన సీగల్ పిట్టని చూసి చిన్న కథకి సబ్జెక్టు దొరికిందంటాడు: సరస్సు ఒడ్డున హాయిగా బతికే పిల్ల, ఒకడొచ్చి ఏమీ తోచక ఆమెని నాశనం చేస్తాడు. ఇది అచ్చంగా మన ఫోన్లో ఉండే ఐడియా. పైగా ఆ పని అతనే చేస్తాడు. నాలుగో అంకంలో, అతనే చేయించి పెట్టమన్న ఆ పిట్ట బొమ్మని తెచ్చి చూపిస్తే, గుర్తులేదంటాడు. రాసుకున్నవాడికే గుర్తులేదు! ఐడియా నోట్సులో మనిషి ఉండదు, అందుకే మర్చిపోవడం అంత తేలిక.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటేయడం నాకిష్టం లేదు. ‘పేదవాళ్ల మాటలు ఏరుకుని కథల్లో అమ్ముకోవడం దోపిడీ కాదా?’ అని. కావచ్చు. కానీ వాళ్ల కష్టాన్ని తీసుకుని, వాళ్ల మాటని పారేసి, ఆ ఖాళీలో మన ఉపన్యాసం నింపడం అంతకంటే పెద్ద దోపిడీ. దానికి మాత్రం మనం అవార్డులిస్తున్నాం. మాట రాసుకోవడానికి నాకు కొన్ని కట్టుబాట్లున్నాయి. చెప్పకుండా ఫోన్‌లో రికార్డు చేయడం తప్పు, కళ పేరు చెప్పినా తప్పే. మనిషి ఎదురుగా ఏడుస్తుంటే పుస్తకం తీయకూడదు. అసలు పేరు, ఇంటి గుర్తు నోట్సులో కూడా రాయకూడదు, ఫోన్లు పోతుంటాయి. నన్ను నమ్మి చెప్పిన రహస్యం నా సామగ్రి కాదు. నోట్సులో ఉన్నంత మాత్రాన అచ్చువేసే హక్కు రాదు.

మరి అర నిమిషంలో పోయే మాటని ఎదురుగా రాయకుండా ఎలా పట్టుకుంటాం? మొత్తం పట్టుకోలేం. ఒక్క వాక్యం పట్టుకుంటాం. ఆ వాక్యాన్ని పెదాల మీద తిప్పుకుంటూ మెట్లు దిగి, బస్టాప్‌లోనో పార్కింగ్‌లోనో నిలబడి రాసెయ్యాలి. తేదీ, చోటు, మాట. చేతిలో ఏముంది, ధర ఎంత చెప్పారు, ముందు ఎవరు మాట్లాడారు. ‘దీనంగా అంది’ అని రాయొద్దు. అది మీ అభిప్రాయం, కథ రాసేటప్పుడు ఎలాగూ మీ వెంటే ఉంటుంది. ఆ మాటకి అర్థమేమిటో కూడా పక్కన రాయొద్దు. రాశారంటే రేపు మీరు అర్థమే చదువుకుంటారు, మాట చదవరు.

మన భాషలో ఈ పని ఎవరూ చేయలేదనుకుంటే పొరపాటు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశం తెచ్చింది. 1962లో వ్యవసాయం, 1971లో చేనేత. పరిశోధకులు జిల్లాల వెంట తిరిగి, రైతుల్నీ నేతగాళ్లనీ అడిగి, ఏ చోట ఏ పనిముట్టుని ఏమంటారో రాసుకొచ్చారు. భాషాశాస్త్రవేత్తలు నాగలి దాకా, మగ్గం దాకా నడిచి వెళ్లారు. క్యాబ్ డ్రైవర్ మీద కథ రాసే మనం, అతను బుకింగ్ క్యాన్సిల్ అయితే ఏమని తిట్టుకుంటాడో వినడానికి చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీయం. డెలివరీ కుర్రాళ్లకి, సెక్యూరిటీ గార్డులకి, బ్యూటీ పార్లర్ అమ్మాయిలకి వాళ్లలో వాళ్లకి బోలెడు కొత్త తెలుగుంది. ఏ నిఘంటువూ ఇంకా అక్కడిదాకా వెళ్లలేదు. యాభై ఏళ్ల తర్వాత ఎవరైనా 2020ల కథలు తిరగేస్తే ఆ తెలుగు వాళ్లకి దొరకాలి కదా. మన సామాజిక స్పృహ ఒక్కటే దొరికితే వాళ్లేం చేసుకుంటారు?

కాబట్టి ఆ ‘ఐడియాస్’ ఫైలు డిలీట్ చేసేయండి, నష్టమేమీ లేదు. దాని బదులు వారానికి ఒక్క వాక్యం చాలు. వేరే మనిషిది, వాళ్లన్నది అన్నట్టుగా, తేదీతో సహా. ఏడాదికి యాభై రెండవుతాయి. అందులో నలభై ఎందుకూ పనికిరావు. మిగతా పన్నెండింట్లో ఏదో ఒకటి మీరు రాయాలనుకున్న కథకి అడ్డం తిరుగుతుంది, ‘నేను అలా అనలేదు’ అంటుంది. కథ అక్కడినుంచి మొదలుపెట్టండి.