పుల్లరి నాడు, డీజిలు నేడు

మాచర్ల నుండి గుంటూరు మిరపయార్డునకు పోవు లారీ బాడుగ పెరిగినపుడు రైతు లారీ యజమానిని నిందించును. లారీ యజమాని బంకువానిని నిందించును. బంకువాడు ధర తన చేతిలో లేదనును. అతడు చెప్పునది సత్యమే. నింద చేరవలసిన తావు ఢిల్లీలో నొకటి, అమరావతిలో నొకటి కలదు.

2014 ఏప్రిలులో లీటరు డీజిలుపై కేంద్ర ఎక్సైజు సుంకము 3 రూపాయల 56 పైసలు. 2020 మే నెలలో, లోకమంతట ముడిచమురు ధర పడిపోయియున్న దినములలో, ఒక్క రాత్రి 13 రూపాయలు పెంచగా అది 31 రూపాయల 83 పైసలాయెను. చమురు చౌకయైన లాభము మన రైతు ట్రాక్టరు వరకు రానేలేదు. పిమ్మట 2021 నవంబరులో 10 రూపాయలు, 2022 మేలో 6 రూపాయలు తగ్గించిరి; 2025 ఏప్రిలులో మరల 2 రూపాయలు పెంచి, బంకులో ధర మాత్రము మారదనిరి.

ఇందులో న్యాయవాదులు గమనింపదగిన సూక్ష్మ మొకటి కలదు. 2021లో లీటరుకు వసూలైన 31 రూపాయల 80 పైసలలో మూలసుంకము 1 రూపాయి 80 పైసలు మాత్రమే. తక్కిన 30 రూపాయలును సెస్సులు, సర్‌చార్జీలు. రాజ్యాంగము 270వ అధికరణము ననుసరించి వీనిని రాష్ట్రములకు పంచిపెట్ట నక్కరలేదు. పిడుగురాళ్ల సున్నపుబట్టీల లారీ చెల్లించిన సొమ్ములో మన రాష్ట్రము వాటాకు వచ్చిన భాగ మెంతయో పాఠకులే ఊహించుకొందురుగాక.

రాష్ట్రమును నిర్దోషి యనలేము. 2020లో మన ప్రభుత్వము స్థిరపరచిన వ్యాటు 22.25 శాతము, దానిపై లీటరుకు 4 రూపాయలు, రోడ్ల పేర మరియొక రూపాయి. ఆ శాతమును కట్టునది కేంద్ర సుంకము కలిసిన ధరమీద. అనగా పన్నుమీద పన్ను. ఆ రూపాయితో బాగుపడిన రోడ్డేదో గురజాల వారెవరైన చూపినచో సంతోషింతుము.

పల్నాడు పన్ను మాట యెరుగని సీమ కాదు. 1921-22లో అడవిలో పశువులను మేపినందుకు పుల్లరి కట్టమని నిలిచిన సీమ యిది. 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు మించాలపాడులో తుపాకిగుండ్లకు ప్రాణములర్పించెను. ఆ పుల్లరితో ఈ సుంకమును సరిపోల్చుట న్యాయము గాదు; నాటి దొరలు మన ఓటడుగలేదు, నేటివారు అడుగుచున్నారు. కాని పుల్లరి కట్టువానికి తానెంత కట్టుచున్నాడో తెలిసియుండెను. డీజిలు కొట్టించుకొనువానికి అదియు తెలియదు.

ధర భారమైనకొలది మాయమందుల వర్తకము పెరుగుట సహజము. మైలేజి పెంచునని చిన్న సీసాలమ్ముచున్నారు. 2020 ఏప్రిలు నుండి వచ్చు బీయస్-6 డీజిలులో గంధకము పదిలక్షలకు పది పాళ్లకు మించరాదు. గంధకము తీయుటచే తగ్గిన జారుడుగుణమును నిలుపు ద్రవ్యమును శుద్ధికర్మాగారములోనే కలుపుదురు. సీసాకు డబ్బు పోసి చేయవలసిన దేమియు లేదు. కిరసనాయిలు కలుపుట మరింత ప్రమాదము. పంపు, ఇంజెక్టరు అరిగి మిగిలించిన దానికి పదింతలు మెకానికు చేతికి పోవును. బయోడీజిలన్న పేరుతో ఏదో యొక నూనె అమ్మువారిని నమ్మరాదు. నిజమైన బయోడీజిలు వేరు. దానిని 2030 నాటికి డీజిలులో 5 శాతము కలుపవలెనని 2018 జాతీయ విధానము చెప్పినది. పెట్రోలులో ఇథనాలు 2025 నాటికి 20 శాతమునకు చేరినది. డీజిలుకు అట్టి తోడింకను దొరకలేదు. మన మెట్టభూముల గట్లపై కానుగ పెరుగుచునే యున్నది, గింజ కొనువాడు లేడు.

డీజిలును జీయస్టీలో చేర్చు తేదీని కౌన్సిలు సిఫారసు చేయవలెనని 279-ఏ అధికరణములోనే వ్రాసియున్నది. 2021 సెప్టెంబరున లక్నోలో కూడిన కౌన్సిలు ఇది తరుణము కాదనెను. రాష్ట్రములకు రాబడి పోవునను భయము నిరాధారము గాదు. నష్టపరిహారము లేనిదే ఏ ఆర్థికమంత్రియు ఒప్పుకొనడు. కావున ఆ పని ఆలస్యమగుననుకొందము. అంతవరకు రాజ్యాంగము ముట్టుకొననవసరము లేని పని యొకటి కలదు: బంకు రసీదుపై చమురు వెల యెంత, ఢిల్లీ సుంక మెంత, అమరావతి పన్ను ఎంతయని మూడు వరుసలుగా అచ్చువేయుట. నరసరావుపేట లోక్‌సభ సభ్యుడు ఢిల్లీలోను, మన శాసనసభ్యులు అమరావతిలోను ఈ మూడు వరుసలకై అడుగుదురా?